లీవర్ రైఫిల్ ఎట్ల ఆడించాల: ఖాళీ చేసే కాడి నుంచి తుడిచి పెట్టే దాకా

"అన్నా, లీవర్ సగంలో పట్టేసింది, ఏం చేయాల?" "ట్యూబ్‌లో తూటాలు అయిపోయాయని ఎట్ల తెలుస్తుంది?" "కాల్చకుండా హ్యామర్ దించొచ్చా?" లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ చుట్టూ ఉన్న లీవర్‌ను కిందికి, పైకి ఆడించి తూటా ఎక్కించేది) గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అడిగేవాళ్లలో చాలామంది చేతికి అలవాటైనది .315 బోల్ట్ రైఫిలో, 12 బోర్ డబుల్ బ్యారెలో. తాత లైసెన్సు మీదున్న పాత వించెస్టర్ వారసత్వంగా తమ పేరు మీదికి వస్తే, లేదా .22 లీవర్ రైఫిల్ ఒకటి కొంటే, ఆ పాత అలవాటుతోనే దాన్నీ పట్టుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. డబుల్ బ్యారెల్‌ను విరిస్తే రెండు గొట్టాలూ కళ్ల ముందుంటాయి. బోల్ట్ వెనక్కి లాగితే మ్యాగజైన్ పైనుంచే కనబడుతుంది. లీవర్ రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ట్యూబ్‌లో వరసగా పడుకొని ఉంటాయి. లీవర్ తెరిచి చూసినా అవి కనబడకపోవచ్చు.

ఇది లైసెన్సు చేతిలో ఉన్నవాళ్ల కోసం రాసినది. లైసెన్సులో రాసిన బోరు, రైఫిల్ మీద కొట్టిన బోరు, తూటా అడుగున ఉన్న అచ్చు (.22కైతే తూటాల పెట్టె మీద రాసిన బోరు), మూడూ ఒక్కటే కావాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తూటా లోపల పెట్టొద్దు. కాల్చేది అనుమతి ఉన్న షూటింగ్ రేంజిలోనే. వేట వన్యప్రాణి చట్టం ప్రకారం నిషేధం. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెస్తే, 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కావలసినవి

- మీ బోరుకే సరిపోయే డమ్మీ తూటాలు (స్నాప్ క్యాపులు) 6. పాత ఖాళీ కేసుకు (కాల్చిన తూటా ఇత్తడి గొట్టానికి) బుల్లెట్ బిగించి ఇంట్లో చేసుకున్నవి వద్దు. చూపుకు నిజం తూటా మాదిరే ఉంటాయి, ఒకరోజు కలిసిపోతాయి.
- క్లీనింగ్ రాడ్, మీ బోరు సైజు కంచు బ్రష్, నూలు గుడ్డ పీసులు ఒక 20, పాత టూత్‌బ్రష్.
- బోర్ సాల్వెంట్, పల్చటి గన్ ఆయిల్. అది దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె పనికొస్తుంది. కొబ్బరినూనె, ఆముదం వద్దు. అవి కొన్నాళ్లకు చిక్కబడి, లీవర్ బరువెక్కుతుంది.
- స్క్రూ గాడికి నిండుగా కూర్చునే స్క్రూడ్రైవర్లు. మొన సన్నబడిన మామూలు స్క్రూడ్రైవర్ జారి పాత రైఫిల్ స్క్రూ తలలను చెడగొడుతుంది.
- చిన్న టార్చి, తెల్ల కాగితం ముక్క, తువ్వాలు, పెన్సిల్ అంత సన్నని కట్టెపుల్ల.
- రేంజిలో కళ్లద్దాలు, చెవులకు మఫ్. పాత రైఫిల్‌లో కేసు పగిలితే గ్యాస్ వెనక్కి, ముఖం మీదికే వస్తుంది. కళ్లద్దాలు లేకుండా కాల్చొద్దు.

లోపల జరిగేది

లీవర్‌ను కిందికి, ముందుకు తోసేసరికి ముందు లాకు దిగుతుంది. వించెస్టర్ 94లో ఆ లాకు, బోల్ట్ (తూటా వెనక మూసే ఇనుప కడ్డీ) వెనక నిలువుగా లేచి నిలబడే ఇనుప దిమ్మె. మార్లిన్ 336లో అది కింది నుంచి బోల్ట్ గాడిలోకి ఎక్కి కూర్చుంటుంది. లాకు దిగాక బోల్ట్ వెనక్కి నడుస్తుంది. పోతూ పోతూ ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ కేసు అంచును పట్టి లాక్కొస్తుంది, బోల్ట్ వెనకభాగం హ్యామర్‌ను (ఫైరింగ్ పిన్‌ను కొట్టే చిన్న సుత్తిని) వెనక్కి వంచుతుంది. ప్రయాణం చివర్లో ఎజెక్టర్ ఆ కేసును బయటికి విసురుతుంది. ట్యూబ్‌లోని స్ప్రింగ్ ఇంకో తూటాను క్యారియర్ (తూటాను పైకి లేపే పలక) మీదికి నెడుతుంది. కొన్ని మోడళ్లలో లీవర్ పూర్తిగా తెరుచుకునే చివరి క్షణంలో, మార్లిన్ 336లో మూయడం మొదలుపెట్టగానే, క్యారియర్ ఆ తూటాను ఛాంబర్ (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటు) ఎత్తుకు లేపుతుంది. లీవర్ వెనక్కి తెస్తే బోల్ట్ తూటాను ఛాంబర్‌లోకి తోసి, లాకు మళ్లీ లేస్తుంది.

ఇంత తెలిస్తే చాలు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి: కేసు బయటికి విసరడం, కొత్త తూటా క్యారియర్ మీదికి రావడం, రెండూ లీవర్ ప్రయాణం చివరి కొసలో జరిగే పనులు. ఆ కొసదాకా పోకుండా లీవర్‌ను వెనక్కి తిప్పారంటే రైఫిల్ సగం పని చేసి ఆగుతుంది. మాకొచ్చే "పట్టేసింది" ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే. రైఫిల్ తప్పు తక్కువ, చేతి తప్పు ఎక్కువ.

అన్ని లీవర్ రైఫిళ్లకూ ట్యూబ్ ఉండదు. వించెస్టర్ 1895కూ, బ్రౌనింగ్ బీఎల్ఆర్‌కూ బాక్స్ మ్యాగజైన్. సావేజ్ 99కి మొదట్లో తిరిగే మ్యాగజైన్ ఉండేది. కింద రాసినది ట్యూబ్ ఉన్నవాటికి.

మెట్టు 1: ఖాళీ చేయడం

రైఫిల్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఇది మొదటి పని. ఎవరైనా "ఖాళీదే" అని చేతికిచ్చినా సరే.

1. బ్యారెల్‌ను ఇసుక నింపిన బస్తా వైపో, ఖాళీ మట్టిగట్టు వైపో తిప్పి ఉంచండి. మన ఇళ్లల్లో నేలంతా కడప బండలో, బేతంచెర్ల బండలో ఉంటాయి. రాతినేల వైపు చూపించొద్దు, తూటా తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కప్పు వైపు అసలే వద్దు, మిద్దె మీద మనుషులు పడుకునే ఊళ్లు మనవి.
2. చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డు బయట, రైఫిల్ పక్కకు ఆనించి చాచి ఉంచండి. మిగతా మూడు వేళ్లు లీవర్ రింగులో. లీవర్ మూసేటప్పుడు వేలు లోపలుంటే ట్రిగ్గర్ దానికి తగులుతుంది. మార్లిన్ లాంటివాటిలో లీవర్ పూర్తిగా మూసుకోనిదే ట్రిగ్గర్ లాగడానికి రాకుండా ఒక అడ్డు ఉంటుంది. కొన్ని పాత మోడళ్లలో అది ఉండదు, అరిగిన వాటిలో ఉన్నా పనిచేయదు. అడ్డును నమ్ముకోవద్దు, వేలును బయట ఉంచుకోండి.
3. అడ్డంగా నొక్కే బటన్ సేఫ్టీ ఉన్న మార్లిన్ అయితే సేఫ్టీ వేసే ఉంచండి. సేఫ్టీ మీదున్నా లీవర్ ఆడుతుంది.
4. .22 రైఫిల్ అయితే ముందు ట్యూబ్ కొసన ఉన్న గుబ్బ తిప్పి లోపలి గొట్టాన్ని పూర్తిగా బయటికి తీయండి. బ్యారెల్ కొస వంచి తూటాలను తువ్వాలు మీదికి జారనివ్వండి. ఈ పని చేసేటప్పుడు చెయ్యి బ్యారెల్ మొన ముందుకు రాకూడదు.
5. పక్కన గేటు (తూటాలు తోసే స్ప్రింగ్ తలుపు) నుంచి నింపే రైఫిల్‌కు (వించెస్టర్ 94, మార్లిన్ 336) ట్యూబ్ బయటికి రాదు. లీవర్ ఆడిస్తూ ఒక్కొక్క తూటానూ తీయాలి. కింద తువ్వాలు పరచండి. తూటాలు రావడం ఆగాక ఇంకో రెండుసార్లు పూర్తిగా ఆడించండి.
6. లీవర్ కిందికి తెరిచే ఉంచి టార్చి వేసి చూడండి. మూడు చోట్లు: ఛాంబర్, క్యారియర్ మీద, ట్యూబ్ నోరు. ట్యూబ్ నోట్లో తూటా అడుగు కనబడకూడదు; గేటు ఉన్న రైఫిల్ అయితే తూటాలను నెట్టే ఫాలోవర్ మొహం కనబడాలి. చూశాక చిటికెన వేలు ఛాంబర్‌లో పెట్టి తడమండి.

ఎక్కువమంది తప్పు చేసేది చివరి మెట్టులోనే. .22 గొట్టం బయటికి తీశాం కాబట్టి ఖాళీ అనుకుంటారు. అప్పటికే ఒక తూటా ఛాంబర్‌లో, ఇంకొకటి క్యారియర్ మీద ఉండొచ్చు. ట్యూబ్ లోపల తుప్పు పట్టినా, నొక్కుపడినా ఫాలోవర్ మధ్యలో ఆగిపోయి తూటాలు వెనకే ఉండిపోతాయి. లీవర్ రెండుసార్లు ఖాళీగా తిరిగినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు. గేటు ఉన్న రైఫిల్‌లో ఫాలోవర్ కంటికి కనబడితేనే ఖాళీ.

మెట్టు 2: డమ్మీలతో లీవర్ అలవాటు చేసుకోవడం

నిజం తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేయండి. తర్వాత 6 డమ్మీలు నింపండి.

1. రైఫిల్ భుజానికి ఆనించే ఉంచండి. లీవర్ ఆడించడానికి ప్రతిసారీ కిందికి దించితే లయ పోతుంది, లీవర్ కొసదాకా పోదు.
2. మూడు వేళ్ల వెనకవైపుతో లీవర్‌ను కిందికి, ముందుకు తోయండి. ఇక ముందుకు పోదు అన్నట్టు టక్ మని తగిలే దాకా పోనివ్వాలి. ఆ తాకిడి చేతికి తెలియాలి.
3. ఆగకుండా, అదే జోరుతో వెనక్కి తెచ్చి మూయండి. స్టాక్‌కు (వెనక కొయ్యకు) తగిలినప్పుడు లీవర్‌కూ దానికీ మధ్య సందు ఉండకూడదు.
4. ఆరు డమ్మీలూ బయటికి వచ్చే దాకా చేయండి. ఎన్ని లోపలికి పెట్టారో, అన్నీ బయట తువ్వాలు మీద ఉన్నాయా లెక్కపెట్టండి.

జోరు అంటే బలం అనుకోవద్దు. కొట్టినట్టు ఆడిస్తే క్యారియర్ ఎగిరి తూటా ముక్కు ఛాంబర్ పై అంచుకు తగులుతుంది. మరీ నెమ్మదిగా ఆడిస్తే ఎజెక్టర్ చేత కేసు బయట పడదు, యాక్షన్‌లోనే (బోల్ట్ ఆడే చోటే) ఒరిగి ఉంటుంది. బోల్ట్ రైఫిల్ అలవాటున్నవాళ్లు నెమ్మదిగా లాగి, ఒక క్షణం ఆగి, మూస్తారు. ఆ మధ్యలో ఆగడం మానుకోండి.

.22 రైఫిల్‌ను డమ్మీ లేకుండా ఉట్టిగా కాల్చొద్దు. ఈ తూటాను పేల్చేది అంచు మీద కొట్టే దెబ్బ కాబట్టి, లోపల తూటా లేకపోతే ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచును కొడుతుంది, అక్కడ గుంత పడుతుంది. గుంత పడిన ఛాంబర్‌లోంచి కేసు సులువుగా రాదు. పెద్ద బోరు వాటికి అంత ప్రమాదం లేకపోయినా, పాత రైఫిల్‌లో పిన్ విరిగితే మన దగ్గర స్పేర్ దొరకడం కష్టం. డమ్మీ వాడండి.

మెట్టు 3: నింపడం

గేటు ఉన్న రైఫిల్‌లో తూటా ముక్కును గేటుకు ఆనించి బొటనవేలితో లోపలికి నెట్టాలి. మొదటి తూటాను పూర్తిగా లోపలికి తోయకుండా, దాని అడుగు గేటును కాస్త తెరిచి పట్టుకునేట్టు వదలండి. రెండో తూటా ముక్కుతో దాన్ని నెట్టండి. ఇట్ల ఒకదాని వెనక ఒకటి. చివరి తూటాను మాత్రం గేటు టక్ మని మూసుకునే దాకా నెట్టాలి. పూర్తిగా నెట్టకపోతే అది వెనక్కి జారి, క్యారియర్‌ను కదలనివ్వదు, లీవర్ తెరుచుకోదు. "కొత్తగా నింపాను, లీవర్ కదలట్లేదు" అన్నవాళ్లలో చాలామందికి కారణం ఇదే. గేటును వేలితో లోపలికి నొక్కి, తూటా అడుగును గట్టిగా ముందుకు నెడితే విడుదలవుతుంది.

పెద్ద బోరు ట్యూబ్ రైఫిల్‌లో మొన తేలిన బుల్లెట్లు పెట్టకూడదు. ట్యూబ్‌లో ముందున్న తూటా అడుగున ఉన్న ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే మందును అంటించే చిన్న బిళ్లకు) వెనకున్న తూటా ముక్కు ఆనుకొని ఉంటుంది. కాల్చినప్పుడు అదిరే అదురుకు గట్టి మొన ప్రైమర్‌ను గుచ్చితే ట్యూబ్ లోపలే పేలుతుంది, ముందు చెయ్యి సరిగ్గా అక్కడే ఉంటుంది. అందుకే .30-30 లాంటివాటికి చదును ముక్కు తూటాలు. మెత్తని ప్లాస్టిక్ ముక్కు పెట్టి లీవర్ రైఫిళ్లకనే చేసినవీ ఉన్నాయి, పెట్టె మీద ఆ మాట రాసి ఉంటేనే వాడండి.

మార్లిన్ 336 ట్యూబ్‌లో .30-30 తూటాలు 6 పడతాయి. .22 హెన్రీ గోల్డెన్ బాయ్‌లో .22 లాంగ్ రైఫిల్‌వి 16. కొత్తవాళ్లు నిండా నింపొద్దు. రెండేసి నింపుకుంటే లెక్క తప్పదు. ఇంకొకటి, .22ను పిల్లల తుపాకి అనుకోవద్దు. దాని బుల్లెట్ ఒకటిన్నర మైలు, అంటే సుమారు 2.4 కిలోమీటర్లు పోగలదని పెట్టెల మీదే హెచ్చరిక రాస్తారు.

మెట్టు 4: హ్యామర్

లీవర్ మూసిన వెంటనే హ్యామర్ పూర్తిగా వెనక్కి వంగి, కాల్చడానికి సిద్ధంగా ఉంటుంది. బయట హ్యామర్ ఉన్న పాత రైఫిళ్లలో దాన్ని సగంలో నిలిపే గాడి ఉంటుంది, దాన్నే హాఫ్ కాక్ అంటారు. ఛాంబర్‌లో తూటా ఉండగా హ్యామర్‌ను ఆ గాడికి దించడమే ఈ రైఫిల్‌లో అన్నిటికన్నా ప్రమాదమైన పని. బొటనవేలు జారిందా, తూటా పేలుతుంది. ఎండాకాలం చెమట చేత్తో జారడం ఎంతసేపు?

కాబట్టి మా మాట: కాల్చకూడదనుకుంటే హ్యామర్ దించొద్దు, లీవర్ తెరిచి తూటాను బయటికి తీసేయండి. ఒక తూటా నేలపాలైతే తుడిచి మళ్లీ వాడుకోవచ్చు.

తప్పదనుకుంటే రేంజిలో, బ్యారెల్ టార్గెట్ వైపే ఉండగా ఇట్ల చేయండి. బొటనవేలును హ్యామర్ మీద నిండా, అడ్డంగా వేసి కాస్త వెనక్కి లాగి పట్టండి. ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కదిలిన వెంటనే ట్రిగ్గర్ వదిలేయండి. హ్యామర్‌ను మెల్లగా దించితే హాఫ్ కాక్ గాడిలో ఆగుతుంది. ట్రిగ్గర్ వదలకుండా దించితే ఆ గాడి దాటి నేరుగా ఫైరింగ్ పిన్ మీదికే పోతుంది. ముందు దీన్ని డమ్మీతో చెయ్యి తిరిగేదాకా చేయండి. కొత్త వించెస్టర్లలో ఈ గాడి లేకుండా వేరే ఏర్పాటు ఉంటుంది, మీ మోడల్ పుస్తకం చూసి పోండి.

మెట్టు 5: రేంజిలో

మొదటిరోజు ఒక్కొక్కటే నింపి కాల్చండి. ట్రిగ్గర్ నొక్కితే "క్లిక్" అని పేలకపోతే లీవర్ తెరవొద్దు. బ్యారెల్ టార్గెట్ వైపే పట్టుకొని కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత లీవర్ తెరిచి ఆ తూటాను పక్కన పెట్టండి, మళ్లీ వాడొద్దు.

పేలినప్పుడు చప్పుడు బలహీనంగా "పుస్" మని వచ్చి, భుజానికి తన్నకపోతే అక్కడే ఆపండి. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కొని ఉండొచ్చు. ఇంకో తూటా వేసి కాలిస్తే బ్యారెల్ చీలుతుంది. ఖాళీ చేసి, మొన నుంచి రాడ్ నెమ్మదిగా పెట్టి బోల్ట్ మొహం దాకా పోతోందో లేదో చూడండి. చేతికి లీవర్ అలవాటైన వాళ్లు వెంటవెంటనే కాలుస్తారు కాబట్టి ఈ రైఫిల్‌లో ఇది మరీ ముఖ్యం.

ఎక్కడెక్కడ పట్టేస్తుంది, ఎట్ల విడిపించాల

పట్టేసిందంటే లోపల నిజం తూటా ఉందనే అనుకొని పని చేయండి. సుత్తి, మోకాలు, నేలకేసి కొట్టడం, ఏదీ వద్దు.

లీవర్ సగం తెరుచుకొని ఆగింది. చెయ్యి సగంలో తిప్పి ఉంటే లోపల పాత కేసు, కొత్త తూటా రెండూ ఉండొచ్చు. లీవర్‌ను మెల్లగా కొసదాకా తెరవండి, రైఫిల్‌ను పక్కకు ఒరగబెట్టి కేసును జారనివ్వండి. తెరుచుకోకపోతే కట్టెపుల్లతో కేసును కదిలించండి.

లీవర్ మూయడానికి రావడం లేదు, క్యారియర్ కింద రెండో తూటా అడుగు కనబడుతోంది. ట్యూబ్‌లోంచి ఒకటికి బదులు రెండు వచ్చాయి. కట్టెపుల్లతో రెండో తూటాను దాని అంచు మీద నొక్కి ట్యూబ్‌లోకి వెనక్కి నెట్టండి. పుల్ల ప్రైమర్‌కు తగలకూడదు, ఇనుప పనిముట్టు అసలే వద్దు. ఒకసారి ఇట్లయితే దుమ్ము కారణం కావచ్చు. మళ్లీ మళ్లీ అవుతుంటే క్యారియర్ అంచు అరిగింది. పాత మార్లిన్లలో ఈ జబ్బు అందరికీ తెలిసిందే, దాన్ని సరిచేయడం ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మేస్త్రీ) పని.

ఖాళీ కేసు ఛాంబర్‌లోనే ఉండిపోతోంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి చేరింది, లేదా కొక్కెం విరిగింది. టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి డమ్మీతో చూడండి. డమ్మీ బాగా వస్తూ, కాల్చిన కేసు మాత్రం పట్టేస్తోందంటే లోపం ఛాంబర్‌లో ఉంది. మసి, గుంత, తుప్పు, ఏదో ఒకటి.

.22లో పది తూటాలకు రెండు పేలడం లేదు. ముందు ఛాంబర్ తుడవండి. .22 తూటా మైనం, సీసం ఛాంబర్ మొదట్లో పేరుకొని తూటాను నిండుగా కూర్చోనివ్వవు. ఫైరింగ్ పిన్ దెబ్బలో సగం తూటాను ముందుకు తోయడానికే పోతుంది.

మెట్టు 6: శుభ్రం చేయడం, మన వాతావరణానికి తగినట్టు

మన జిల్లాల్లో రైఫిల్‌కు పెద్ద శత్రువు దుమ్ము. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ పొడి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, అనంతపురం గాలికి లేచే ఎర్రమట్టి. నూనె ఎక్కువ పోస్తే ఆ దుమ్మంతా దానికి అంటుకొని సానరాయి ముద్దలాగా తయారై ఇనుమును అరగదీస్తుంది. "నూనె బాగా వేశాను, అయినా లీవర్ గరగరమంటోంది" అనే వాళ్లకు జవాబు ఇది. తుప్పు కూడా మన కాడ వానకన్నా చెమటకే ఎక్కువ పడుతుంది. పట్టుకున్న ప్రతిసారీ పైన నూనెగుడ్డతో ఒకసారి తుడిచి పెట్టండి.

మార్లిన్ 336 రకానికి:
1. మెట్టు 1 పూర్తిగా చేయండి.
2. లీవర్ సగం తెరిచి, లీవర్ ఇరుసు స్క్రూ ఒక్కటి విప్పండి. లీవర్‌ను కిందికి లాగితే వచ్చేస్తుంది.
3. బోల్ట్‌ను వెనక్కి జార్చి తీయండి. అప్పుడు లోపల ఎడమవైపున్న ఎజెక్టర్ వదులవుతుంది. కింద తువ్వాలు ఉంటే అది పోదు. ఈ చిన్న ముక్కను పారేసుకున్నవాళ్లు చాలామంది.
4. వెనక నుంచి రాడ్ వేయండి. సాల్వెంట్ తడిపిన గుడ్డ రెండుసార్లు, 10 నిమిషాలు ఆగి, బ్రష్ 10 సార్లు. బ్రష్ మొన దాటి బయటికి వచ్చాకే వెనక్కి లాగాలి, బ్యారెల్ మధ్యలో దిశ మారిస్తే వెంట్రుకలు విరుగుతాయి. తర్వాత గుడ్డ తెల్లగా వచ్చే దాకా పొడి గుడ్డలు, చివర ఒక్క గుడ్డ నూనెతో.
5. బిగించేటప్పుడు ముందు ఎజెక్టర్‌ను దాని రంధ్రంలో కూర్చోబెట్టి, తర్వాత బోల్ట్, తర్వాత లీవర్. లీవర్ కొస బోల్ట్ గాడిలో పడిందో లేదో చూసుకొని స్క్రూ బిగించండి.

వించెస్టర్ 94ను ఇంట్లో విప్పొద్దు. దాని లోపలి పిన్నులు, లింకు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, బిగించలేక సంచిలో వేసుకొని ఆర్మరర్ దగ్గరికి పోవాల్సి వస్తుంది. లీవర్ తెరిచి, యాక్షన్‌లో గుడ్డ కుక్కి, మొన నుంచే రాడ్ వేయండి. రాడ్ మొన అంచుకు రాసుకుంటే గురి చెడుతుంది కాబట్టి రాడ్ గైడ్ వాడండి.

నూనె నాలుగు చోట్ల, ఒక్కొక్క చుక్క: బోల్ట్ పక్కల జారే చోటు, లీవర్ ఇరుసు, లాకు జారే గాడి, హ్యామర్ ఇరుసు. ఆ తర్వాత గుడ్డతో తుడిచేయండి. వేలితో ముడితే మెరుపు అంటాలి, తడి అంటకూడదు. కాల్చే ముందు ఛాంబర్‌ను, బ్యారెల్‌ను పొడి గుడ్డతో తుడవడం మరవొద్దు. ట్యూబ్ లోపల నూనె పోయొద్దు, అది తూటాల ప్రైమర్లలోకి పోతుంది.

తాతల కాలం నాటి తూటాలు ఇంకా కొందరి దగ్గర ఉన్నాయి. వాటి ప్రైమర్ మసి ఉప్పులాగా తేమను పీల్చి రాత్రికి రాత్రే బ్యారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. అవి వాడకపోవడమే మంచిది. వాడితే ఆ రోజే వేడినీళ్లు బ్యారెల్‌లో పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి నూనె వేయాలి.

స్టాక్ కొయ్య గురించి ఒక మాట. ఏప్రిల్, మే ఎండకు కొయ్య ఎండి కుంచించుకుంటుంది, స్క్రూలు వదులవుతాయి. వదులైనదాన్ని బలంగా బిగిస్తే జూలైలో తేమకు కొయ్య ఉబ్బి, స్క్రూ దగ్గర చీలుతుంది. వేలి బలంతో బిగించి ఆపండి. స్క్రూ తల మీద, పక్కన ఇనుము మీద కలిపి గోళ్ల రంగుతో ఒక సన్నని గీత గీయండి. గీత తప్పిందంటే స్క్రూ తిరిగిందని చూడగానే తెలుస్తుంది.

ఎన్నికలకు డిపాజిట్ చేసి తెచ్చుకున్నప్పుడు

కోడ్ వచ్చినప్పుడల్లా మన జిల్లాల్లో రైఫిళ్లు స్టేషన్‌కో, డీలర్ దగ్గరికో పోతాయి. నెలల తరబడి అక్కడే ఉంటాయి. ఇచ్చే ముందు ఖాళీ చేసి, లోపలా బయటా పల్చగా నూనె పూసి, తోలు కవరు లేకుండా ఇవ్వండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, దాని అంచుల వెంబడే తుప్పు గీతలు పడతాయి.

తెచ్చుకున్నాక కాల్చడానికి తొందరపడొద్దు. బ్యారెల్ మొనలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. అది రాయిలా గట్టిపడుతుంది, అట్లనే కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. లీవర్ తెరిచి, ఖాళీ అని చూసుకొని, యాక్షన్‌లో తెల్ల కాగితం పెట్టి దాని మీద టార్చి వేయండి. ఆ వెలుగులో మొన నుంచి లోపలి గాడులు శుభ్రంగా, గుండ్రంగా కనబడాలి. మబ్బుగా ఉంటే రాడ్ వేసి తీయండి. ఇదంతా అయ్యాక డమ్మీలతో మెట్టు 2 మళ్లీ చేయండి.

2009 అక్టోబరులో కర్నూలులోకి తుంగభద్ర వచ్చినప్పటి మాదిరి నీళ్లలో మునిగిన రైఫిల్ అయితే వేరే లెక్క. మంచినీళ్లతో బురద కడిగి, తర్వాత వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, నూనె పూసి ఆర్మరర్‌కు ఇవ్వండి. ట్యూబ్ స్ప్రింగ్, స్టాక్ కింద దాగిన ఇనుము ఇంట్లో తీయలేరు, తుప్పు మొదలయ్యేది అక్కడే. మునిగిన తూటాలు పైకి ఆరినట్టు కనబడినా కాల్చొద్దు, స్టేషన్‌లో చెప్పి అప్పగించండి.

ఫలితం ఎట్ల చూసుకోవాల

చివరిది తప్ప అన్నీ ఖాళీ రైఫిల్‌తో, డమ్మీలతో.

- 6 డమ్మీలు నింపి ఆడిస్తే 6 బయటికి రావాలి, దాదాపు ఒకే దూరంలో, ఒకే వైపు పడాలి. ఒక్కొక్కటి ఒక్కో వైపు పడుతుంటే చెయ్యి జోరు మారుతోంది. చెయ్యి సరిగ్గా ఉన్నా అన్నీ కాళ్ల దగ్గరే పడుతుంటే ఎజెక్టర్ స్ప్రింగ్ బలహీనం.
- లీవర్ మూశాక వించెస్టర్ 94లో వెనక లాకు దిమ్మె పూర్తిగా పైకి లేచి బోల్ట్‌తో సమానంగా ఉండాలి. కిందికి దిగి ఉంటే కాల్చొద్దు.
- హ్యామర్ పూర్తిగా వెనక్కి ఉండగా, ట్రిగ్గర్ ముట్టకుండా, బొటనవేలితో హ్యామర్‌ను ముందుకు గట్టిగా తోయండి. పడకూడదు. హాఫ్ కాక్‌లో ఉండగా ట్రిగ్గర్ లాగండి. అప్పుడూ పడకూడదు. ఏది పడినా ఆ రైఫిల్‌ను ఆ రోజు నుంచి కాల్చొద్దు.
- రేంజిలో కాల్చిన మొదటి నాలుగైదు కేసులు పారేయకుండా చూడండి. పెద్ద బోరు కేసుల్లో ప్రైమర్ మీద దెబ్బ మధ్యలో ఉండాలి. కేసు అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనబడినా, అక్కడ పగిలినా, బోల్ట్ మొహానికీ తూటాకూ మధ్య సందు ఎక్కువైందని అర్థం. కేసు పగిలితే గ్యాస్ వెనక్కి వస్తుంది.

ఇలాంటి గుర్తు ఏది కనబడినా రైఫిల్ ఖాళీ చేసి, ఆ కేసులను కాగితంలో చుట్టి, లైసెన్సు కాపీతో సహా లైసెన్సున్న ఆర్మరర్ దగ్గరికి తీసుకుపోండి. "ఏదో అవుతోంది" అని చెప్పకుండా, ఎన్నో తూటాకు, లీవర్ తెరిచేటప్పుడా మూసేటప్పుడా, ఏ కంపెనీ తూటాతో అయిందో చెప్పండి. ఆయన చూడాల్సిన చోటు అప్పటికే సగం తేలుతుంది.